రెండు గట్ల లెక్క

అతను పోయాడని చెప్పగానే ఊళ్లో ప్రతివాళ్లూ నన్ను ఒకే మాట అడిగారు. "నీళ్లలోనేనా?"

కాదు. జ్వరంతో పోయాడు. నడి ఎండాకాలంలో, కాలువలో చుక్క నీరు లేనప్పుడు, లాకు పక్కనున్న ఇంట్లో నులక మంచం మీద నాలుగు రోజులు కాగి కాగి పోయాడు. ఆ మాట చెబితే అడిగినవాళ్ల ముఖాలు కాస్త చిన్నబోయాయి. ఈతగాడన్నాక నీళ్లలోనే పోవాలని, అలా పోతేనే చెప్పుకోవడానికి బాగుంటుందని వాళ్ల ఉద్దేశం కాబోలు. నాకు ఒళ్లు మండింది. కాఫీ హోటల్లో ఒక పెద్దమనిషితో గట్టిగానే గొడవపడ్డాను. ఇంటికి వచ్చి చొక్కా విప్పేటప్పుడు అర్థమైంది, నా కోపం ఆయన మీద కాదని.

అప్పటి నుంచి ఇది రాయాలని రెండు మూడుసార్లు కూర్చున్నాను. కూర్చున్నవాణ్ని లేచి వరండాలో తిరుగుతున్నాను. మా ఆవిడ చూసి, "మీకు గూడా ఆ పిల్లోని కాళ్లు వచ్చినాయే" అంది. నిజమే. అతని సంగతి చెప్పాలంటే కాళ్లతోనే మొదలుపెట్టాలి.

ఆ కాళ్లు ఊరికే ఉండేవి కావు. నిలబడితే ఒక పాదం నేలను తడుతూ ఉండేది. కూర్చుంటే రెండూ ఊగేవి. వాళ్లు క్రైస్తవులు. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఇతని కాళ్లు మాత్రం బెంచీ కింద ఈదుతూ ఉంటాయని వాళ్ల నాయనే నాకు చెప్పి నవ్వేవాడు. ఆ నాయన కర్నూలు-కడప కాలువ మీద లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, ఏ తూముకు ఎంత నీరు పోతోందో చూసుకోవడం ఆయన పని. ఇల్లు కాలువ గట్టు మీదే. అందుకని ఇతను నడక కన్నా ముందే ఈత నేర్చాడని ఊళ్లో అనేవాళ్లు. అది కోతే. కానీ నడిచేటప్పుడు కూడా రెండు చేతులతో గాలిని పక్కకు తోసుకుంటూ నడుస్తాడన్నది మాత్రం నిజం. కుదురుగా కూర్చుని అన్నం తినగా నేనెప్పుడూ చూడలేదు. జొన్నరొట్టె చేతిలో పట్టుకుని, కొరుక్కుంటూ, గట్టు మీద అటూ ఇటూ తిరిగేవాడు.

"రొంత కూచోని తినప్పా" అంటే, "నీళ్లుండేది ఆరు నెల్లే గదా సార్" అనేవాడు. నీళ్లకూ కూర్చోవడానికీ ఏమిటి సంబంధమని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. కాలువ కట్టేసే రోజులు దగ్గరపడేకొద్దీ ఆ నవ్వు కూడా తగ్గేది. పొద్దున ఈదేవాడు, మధ్యాహ్నం ఈదేవాడు, పొద్దుగూకే వేళ మళ్లీ దిగేవాడు. ఉన్న నీళ్లన్నీ ఒళ్లంతా పట్టించుకుని దాచుకోవాలన్నట్టు ఉండేది ఆ తొందర. చూసేవాళ్లకు ఆయాసం వచ్చేది.

ఇంకొక అలవాటు. ఎవరు ఎదురుపడినా అందరిలా "బాగుండారా" అని అడిగేవాడు కాదు. "మీ బావిలో ఎన్ని మట్లుండాయి?" అని అడిగేవాడు. మా వైపు బావి లోతును మట్లలో చెబుతారు. మట్టు అంటే ఒక మనిషి మునిగే లోతు. రైతులు కూడా ఆ ప్రశ్నకు అలవాటుపడిపోయి, "మూడున్నర ఉండాయిరా, నువ్వెట్లుండావు?" అని జవాబు చెప్పి నవ్వుకుంటూ పోయేవాళ్లు. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ల బావుల లోతులు అతనికి నోటికి వచ్చు. ఎండ ముదిరితే ఏది ముందు అడుగంటుతుందో కూడా చెప్పేవాడు.

విడ్డూరం ఏమిటంటే, ఆ బావుల్లో ఒక్కదానిలో కూడా అతనికి ఈదే హక్కు లేదు. వాళ్ల పేటవాళ్లను మేం మా బావుల్లో దిగనిచ్చేవాళ్లం కాదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే తర్వాతిది అర్థం కాదు. మరి లోతులు ఎలా తెలుసంటారా? బావిలో కడవ పడినా, దూడ పడినా అతణ్నే పిలిచేవాళ్లు. అప్పుడు ఏ అడ్డూ ఉండేది కాదు. పడింది పైకి రాగానే అడ్డు కూడా పైకి వచ్చేది.

మా చిన్నాయన బావిలో కపిలె తాడు తెగి, ఎద్దులతో నీళ్లు తోడే పెద్ద బాన అడుగుకు పోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అతను వచ్చాడు, చొక్కా విప్పాడు, మెట్లు దిగకుండా పైనుంచే దూకాడు. మూడో మునకకు తాడు కొస పట్టుకుని తేలాడు. మనుషులు బానను పైకి లాగారు. అతను మాత్రం నీళ్లలోనే ఉన్నాడు. "ఇంగొక్క మునక ఏసి వస్తా సామీ, అడుగున ఇంగేమన్నా ఉండాదేమో చూస్తా" అన్నాడు. ఆ ముఖంలో అంత ఆశ పెద్దవాళ్లలో అరుదుగా కనిపిస్తుంది. చిన్నాయన, "ఏం లేదులే, పైకి రా" అన్నాడు. వచ్చేశాడు. చిన్నాయన అతని తువ్వాలు నిండా వేరుశనక్కాయలు పోసి పంపాడు. మర్యాదకు లోటేమీ లేదు మరి!

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. ఈ కథంతా ఆ మాట మీదే ఉంది.

మేం ఈత నేర్చింది బావుల్లో. నడుముకు బెండు కట్టి తోసేసేవాళ్లు. బావిలో ఈతకు లెక్క చుట్లు. మెట్ల దగ్గర బయల్దేరి గోడ వెంబడే తిరిగి మళ్లీ మెట్ల దగ్గరికి వస్తే ఒక చుట్టు. కాలువలో ఈదేవాళ్లకు చుట్టు అనేదే లేదు. వాళ్ల లెక్క గట్లు. ఈ గట్టు మీంచి దూకి ఆ గట్టెక్కి నిలబడితే పందెం అయిపోయినట్టు. ఈ రెండు లెక్కలకూ మధ్య దూరం అరమైలు కూడా ఉండదు. కానీ ఒకరి లెక్క ఇంకొకరు తెలుసుకోవాల్సిన అవసరం మా ఊళ్లో ఎప్పుడూ రాలేదు.

రాజధాని కర్నూల్లో ఉన్న రోజులవి. ఊరంతా డేరాలు, జీపులు, ఫైళ్లు చంకన పెట్టుకుని పరుగెత్తే బంట్రోతులు. అక్కడ ఈత పోటీలు పెట్టారు. మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుకు ఒంట్లో బాగాలేక, ఇంగ్లీషు చెప్పే నా మెడకు ఆ పని చుట్టారు. పిల్లల్ని తీసుకుని బస్సు దగ్గరికి పోతే అతను అక్కడ ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. "తుంగభద్రను చూసి వస్తా సార్" అన్నాడు. చూసి వచ్చే రకమా అతను? నది ఒడ్డున ఆ కాళ్లు పడే అవస్థ చూడలేక, పెద్దవాళ్ల పందెంలో అతని పేరు నేనే రాయించాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పందెం. మిగతావాళ్లు ఇంకా నడుమ నీళ్లలో ఉండగానే అతను అవతల గట్టెక్కి, తువ్వాలు లేక చేతులతో తల తుడుచుకుంటూ నిలబడ్డాడు.

పోలీసు శాఖలో పెద్ద ఆఫీసరు ఒకాయన అది చూశారు. కోస్తావైపు మనిషి. నన్ను పిలిపించి, "ఎవరండీ ఆ కుర్రాడు? మద్రాసులో పోటీలున్నాయి, అక్కడికి పంపుదాం. మొదటి ముగ్గురిలో వచ్చాడంటే మా శాఖలోకి తీసుకుంటాను" అన్నారు. మద్రాసువాళ్లతో వేరుపడి ఎంతో కాలం కాలేదు కదా, వాళ్ల ముందు మన పేరు నిలబడాలని ఆయన పట్టుదల.

తిరుగు బస్సులో అతను కిటికీ పక్కన కూర్చుని లేచి, లేచి కూర్చుని, పక్కవాళ్లతో తిట్లు తిన్నాడు. చివరికి నా సీటు దగ్గరికి వచ్చి నిలబడి, "పోలీసోళ్లు బూట్లేసుకొని ఈదుతారా సార్?" అని అడిగాడు. నవ్వాను. అతను నవ్వలేదు. వంగి మెల్లగా అన్నాడు. "తలకు టోపీ ఉండేటోన్ని ఎవురూ బావిలో దిగొద్దనరు గదా సార్."

అతనికి కావలసింది ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. జీతం గురించి అతను ఒక్క మాట అడగలేదు.

ఎండాకాలం వచ్చింది. పోటీ జూన్ నెలలో. కాలువ ఎండిపోయింది, సాధన చేయడానికి నీళ్లు లేవు. అతను లాకు దగ్గర ఇసుకలో పరుగెత్తేవాడు, రాళ్లు ఎత్తేవాడు, మళ్లీ పరుగెత్తేవాడు. నేను ధైర్యం చేసి ఒక మధ్యాహ్నం అతణ్ని మా చిన్నాయన బావికి తీసుకుపోయాను. ఇద్దరం దిగాం. అతనికి బావి ఇరుకు. నాలుగు బారలు వేస్తే గోడ. కోపంగా తిరిగేవాడు, మళ్లీ గోడ. "ఈడ తిరగడమే గానీ పోవడం లేదే సార్" అన్నాడు. అయినా సాయంత్రం దాకా పైకి రాలేదు.

మర్నాడు చిన్నాయనకు తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. కపిలె కట్టించి రెండు రోజులు ఆపకుండా తోలించి, బావి అడుగు కనిపించేదాకా నీళ్లు తోడించాడు. నేను ఇంట్లోంచి కపిలె గిలక చప్పుడు వింటూ కూర్చున్నాను. పోయి ఆపండి అనలేదు. ఈ సంగతి అతని చెవిన ఎలా పడిందో గానీ మూడో రోజు కనిపించి, "మీ చేనుకు మంచి తడి పారిందంటనే సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

కర్నూలు నుంచి ఉత్తరం వచ్చింది. దాంతోపాటు ఇంగ్లీషులో అచ్చువేసిన నియమాల కాగితం. లాకు మీద కూర్చుని చదివి చెప్పాను. అతను వేసుకోవలసిన లాగు, దూకే పద్ధతి, తాళ్ల మధ్య ఈదడం, అన్నీ చెప్పాను. అతని పందెం 'టూ లెంగ్త్స్' అని ఉంది. అంటే ఈత కోసం కట్టిన కొలను పొడుగునా పోయి రావాలి. పోయి రావాలి అని చెప్పి ఉంటే అయిపోయేది. నేను "రెండు పొడుగులు" అన్నాను.

"నీళ్లకు పొడుగేంది సార్?" అన్నాడు.

నాకు తెలివి ఎక్కువైంది. మా బావి మాట చెబితే అతనికి పట్టదు, అతని మాటలోనే చెబుదాం అనుకున్నాను. "రెండు గట్లప్పా. రెండు గట్లయితే పందెం అయిపోయినట్టు" అన్నాను. ఆ గట్టు తాకడం ఒకటి, తిరిగొచ్చి ఈ గట్టు తాకడం రెండు అని నా లెక్క.

అతని ముఖం విప్పారింది. "రెండు గట్లేనా? ఓస్, అంతేనా సార్!" అన్నాడు.

ఆ 'అంతేనా' వినైనా నేను ఆగి ఉండాల్సింది. ధైర్యం అనుకున్నాను.

మద్రాసులో ఆ కొలను చూసి అతను, "తొట్టి శానా పెద్దది" అన్నాడు. పశువులకు నీళ్లు పెట్టే తొట్టి తప్ప, నాలుగు గోడల మధ్య కట్టిన నీళ్లకు అతనికి ఇంకో మాట తెలియదు. చాలాసేపు వంగి చూశాడు. అడుగున పరిచిన తెల్లరాళ్లు కనిపిస్తున్నాయి. "మహానంది కోనేరు గూడా ఇట్లనే ఉంటాదంటనే, సూది పడినా అగుపిస్తాదంట?" అని అడిగాడు. ఇంతకన్నా బాగుంటుందన్నాను. తర్వాత చెయ్యి ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఈ నీళ్లు యాడికీ పోవడం లేదు సార్" అన్నాడు జాలిగా.

ముందురోజు అలవాటు కోసం దిగినప్పుడు మాటిమాటికీ పక్క తాడుకు గుద్దుకున్నాడు. కాలువలో పారుదలకు ఎదురు ఏటవాలుగా ఈదడం అలవాటు. ఇక్కడ తోసే నీరు లేక చెయ్యి ఒకవైపుకే లాగుతోంది. పక్కన ఈదేవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. సాయంత్రానికల్లా బాణంలా పోవడం పట్టేశాడు. తిరిగి రావడం గురించి నేను ఎత్తలేదు, అతను అడగలేదు.

మర్నాడు అతనిదే మొదటి పందెం. నేను ఈతగాళ్లు దూకేవైపు గోడ దగ్గర, ఆఫీసరు గారి పక్కన నిలబడ్డాను. ఈల మోగింది. ఆ ఈత ఎలా చెప్పను? చేతులు నీళ్లలో పడిన చప్పుడు కూడా వినిపించలేదు. సగం దూరానికే అందరికన్నా రెండు నిలువులు ముందున్నాడు. ఆఫీసరు గారు నా భుజం పట్టుకుని ఊపేస్తున్నారు. అతను అవతలి గోడ తాకాడు. ఒక్క ఊపున పైకెక్కి, నిటారుగా నిలబడి, రెండు చేతులూ ఎత్తి, ఆ చివర నుంచి నా వైపు అరిచాడు.

"అన్నా! గెలిస్తిమన్నా!"

అంతకు ముందు నన్ను ఎప్పుడూ సార్ అనే పిలిచాడు. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అప్పుడు మిగతావాళ్లు ఒక్కొక్కరే ఆ గోడ తాకి, మునిగి, తిరిగి ఇటు రావడం మొదలుపెట్టారు. చుట్టూ జనం అరవంలో, ఇంగ్లీషులో అతణ్ని వెనక్కి దూకమని కేకలు. అతను అవి మెప్పులనుకుని తల ఊపుతూ నవ్వుతున్నాడు. నేను కొలను పక్కనుంచి పరుగెత్తాను. నేను చేరేసరికి అతని చూపు నీళ్ల మీద ఉంది. దూరంగా పోతున్న తలల్ని చూస్తూ, "వాళ్లు ఏంటికి వాపసు పోతాండారు సార్? ఏమన్నా మర్చిపోయినారా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నతో నాకు అంతా తెలిసింది. కాలువవాళ్ల లెక్కలో దూకేటప్పుడు కాళ్ల కింద ఉండేది ఒక గట్టు, ఎక్కేది ఇంకో గట్టు. రెండు గట్లంటే ఒక్కసారి దాటడమే. నేను వాడుకున్నది అతని మాట, వేసుకున్నది నా లెక్క. అతను నేను చెప్పినట్టే ఈదాడు.

ఆఫీసరు గారు వచ్చారు. ముఖం ఎర్రబడింది. అతణ్ని చూడలేదు, నన్నే చూశారు. "ఇతనికి నియమాలు చెప్పలేదా మీరు?"

ఒక్క క్షణం. అంతకన్నా ఎక్కువ పట్టలేదు.

"చెప్పానండీ" అన్నాను. "కంగారుపడ్డాడు."

అతను నా ముఖంలోకి చూశాడు. లాగు నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను చూడగా మొదటిసారి అతని కాళ్లు కదలకుండా ఉన్నాయి. తర్వాత ఆఫీసరు గారి వైపు తిరిగి, "అవునయ్యా. సారు తెల్లంగనే చెప్పె. నా తలకే ఎక్కలే" అన్నాడు.

పగటి బండిలో తిరిగి వచ్చాం. అతను ఒక్క చోట కూర్చోలేదు. ఈ తలుపు దగ్గర కాసేపు, ఆ తలుపు దగ్గర కాసేపు. నందలూరు దగ్గర చెయ్యేటి వంతెన మీద బండి నెమ్మదించింది. కింద చూపు ఆనినంత మేర ఇసుక. నన్ను తలుపు దగ్గరికి పిలిచాడు.

"ఈ ఏటికి ఎన్ని గట్లు సార్?"

గొంతులో ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

"రెండు" అన్నాను.

"నాకూ రెండే అగుపిస్తాండాయి" అన్నాడు. నా వంక చూస్తూ అక్కడే నిలబడ్డాడు. వంతెన అయిపోయేదాకా నిలబడ్డాడు. నేను ఇసుక వైపే చూశాను.

సంగతి మాకన్నా ముందే ఊరు చేరింది. 'ఒకగట్టోడు' అని పేరు పెట్టారు. సంతలో, తేరు పండగలో, ఎక్కడ కనిపించినా ఎవరో ఒకరు, "ఏమప్పా ఒకగట్టోడా, వాపసు వచ్చే దోవ తెలుసునా?" అని అడగడం, నలుగురు నవ్వడం. అతనూ వాళ్లతోపాటు నవ్వేవాడు. ఆ నవ్వే గుంపుల్లో నేనూ కొన్నిసార్లు ఉన్నాను. నోరు విప్పితే రెండు మాటలతో పోయే ఎగతాళి అది. హెడ్మాస్టరు ఏమంటాడో, పిల్లలు ఏమనుకుంటారో, ఇంగ్లీషు మాస్టరుకు ఇంగ్లీషు రాదంటారేమో అని ఆలోచించాను. చదువుకున్నవాడి భయాలకు లెక్కలేదు. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది, డేరాలతోపాటు ఆఫీసరు గారూ పోయారు. అతను నాయన పక్కన కూలి లస్కరుగా చేరాడు.

ఏటా కాలువకు నీళ్లు రాగానే నా దగ్గరికి వచ్చేవాడు. స్కూలు వదిలే వేళకు క్లాసు గుమ్మం దగ్గర నిలబడేవాడు, ఒంటి మీద ఒండ్రునీటి వాసనతో. "మీ బావిలో ఎన్ని మట్లుండాయి సార్?" అనేవాడు. చెప్పేవాణ్ని. అయినా పోయేవాడు కాదు. పాదం గుమ్మాన్ని తడుతూ ఉండేది. నేను పుస్తకాలు సర్దుకుంటూ, సర్దినవే మళ్లీ సర్దుకుంటూ ఉండేవాణ్ని. కాసేపటికి, "ఇంగేమన్నా ఉండాదా సార్?" అనేవాడు.

"ఏం లేదప్పా."

"పోతా సార్."

నాలుగేళ్లు, నాలుగుసార్లు. బావిలో ఈదడానికి మళ్లీ అడుగుదామని వస్తున్నాడేమో, మొహమాటపడి పోతున్నాడేమో అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు హాయిగా ఉండేది. ఐదో ఏడు నీళ్లు రాకముందే అతను పోయాడు.

మొన్న కాలువకు నీళ్లు వదిలారు. ఆ రోజు మా వైపు చిన్న పండగ. ఎర్రనీళ్లు నురగతో వస్తుంటే మావాళ్లు పసుపు కుంకుమ వేసి టెంకాయ కొడతారు, పేటవాళ్లు పాదిరితో ప్రార్థన చేయిస్తారు. తర్వాత పడుచువాళ్లు గట్టు నుంచి గట్టుకు పందెం వేస్తారు. మద్రాసు నుంచి వచ్చాక నేను ఎప్పుడూ ఆ పందేనికి పోలేదు. ఈసారి ఇంట్లో నిలవలేకపోయాను.

అతని నాయన, ముసలాయన, లాకు చక్రం తిప్పుతున్నాడు. "వస్తిరా సారూ" అన్నాడు. అంతే. చక్రం వదల్లేదు. గట్టు మీద పదిమంది దాకా వరసగా నిలబడి ఉన్నారు. అందులో ఒకడు ముసలాయన వైపు తిరిగి గట్టిగా అడిగాడు.

"ఏ లెక్క తాతా? మన లెక్కా, సారు లెక్కా?"

ముసలాయన నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నా పక్కనే చివర నిలబడినవాడు ఎవరో పైపల్లె పిల్లవాడు, నన్ను ఎరగడు. "సారు లెక్క అంటే ఏందప్పా?" అని అడిగాను.

"కొత్తోరా మీరు?" అన్నాడు. "మన లెక్కలో రెండు గట్లంటే ఈ గట్టొకటి, ఆ గట్టొకటి. పోతే అయిపోయె. సారు లెక్కలో ఆ గట్టు తాకితే ఒకటి, వాపసొచ్చి ఈ గట్టు తాకితే రెండు. రెండూ సరైన లెక్కలే. యా లెక్కనో దూకక మునుపే అడుక్కోవాల అని మాకు ఈత నేర్పిన అన్న చెప్పినాడు."

"ఏ సారు?"

"ఏమో! ఎవరో సారంట. పేరు యాపొద్దూ చెప్పలే."

నా కాళ్లు నిలవలేదు. నలుగురి మధ్యకు పోయాను. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకే తెలియదు.

"ఆ సారును నేనే. మద్రాసులో వాడు తప్పు ఈదలేదు. లెక్క తప్పు చెప్పింది నేను. అడిగినోళ్లకు అబద్ధం చెప్పింది గూడా నేనే."

ముసలాయన చక్రం ఆపి వచ్చి నా దగ్గర నిలబడ్డాడు.

"తెల్సు సారూ. రైలు దిగి ఇంటికొచ్చిన దినమే చెప్పె."

"మరి నన్ను ఒక్కసారన్నా అడగలేదే?"

"అడిగితే అది మీరు చెప్పింది ఎట్లయితాది సారూ?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండును. "ఏటా నీళ్లు రాంగనే మీ కాడికి వస్తాండె గదా. 'ఈపొద్దు చెప్తాడేమో నాయనా' అని పోతాండె. వాపసొచ్చి, 'ఈ తూరి గూడా చెప్పలే' అంటాండె. నాలుగు దినాలు జరంలో పండుకొని గూడా, నీళ్లెప్పుడిడుస్తారు నాయనా అనే అడిగె."

ఏడ్చాను. పదిమంది ముందు, గట్టు మీద నిలబడి ఏడ్చాను. ముసలాయన ఆపమనలేదు. కాసేపు చూసి, చక్రం దగ్గరికి తిరిగి పోయి, అక్కడి నుంచి అడిగాడు.

"ఏ లెక్క పెట్టమంటారు సారూ? పిలకాయలు నిలబడుకోనుండారు."

"వాని లెక్క" అన్నాను.

ముసలాయన చెయ్యి ఎత్తి దించాడు. అందరూ ఒక్కసారిగా దూకారు. ఎర్రనీళ్లలో నల్లటి తలలు, ఏటవాలుగా, పారుదలకు ఎదురు. పైపల్లె పిల్లవాడే ముందు చేరాడు. గడ్డి పట్టుకుని పైకి పాకి, జారి, మళ్లీ పాకి, అవతలి గట్టు మీద నిలబడి రెండు చేతులూ ఎత్తాడు.

ఎవరూ అతణ్ని వాపసు రమ్మనలేదు.